జాబితాలో పేరు దొరికినప్పుడు

ఏడేళ్ల క్రితం ఒక శుక్రవారం సాయంత్రం, తార్నాకలోని మా కార్యాలయంలో, ఒక ప్రింటింగ్ ప్రెస్ బిల్లు ఫైలు మీద నేను రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. రాసింది ఇంగ్లీషులో. సదరు వ్యక్తి పేరు అమెరికా ప్రభుత్వ నిషేధిత జాబితాలో కనిపించిందనీ, తదుపరి ఆదేశం వచ్చేవరకు చెల్లింపు నిలిపివేయడమైనదనీ దాని సారాంశం. బిల్లు లక్షా ఎనభై వేల రూపాయలు. చిక్కడపల్లిలో ఇద్దరు పనివాళ్లతో ప్రెస్ నడుపుకునే ఆ పెద్దాయన మా సర్వేకు కావలసిన ప్రశ్నావళులు, సమ్మతి పత్రాలు తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేసి, ఒక్క అక్షరం తప్పు పోకుండా సమయానికి అందించారు. ఆయన తప్పేమీ లేదని తేలడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ ఇరవై మూడు రోజుల్లోనే నేను ఆ జాబితా వెనుక ఉన్న నిబంధనలను మొదటిసారి పూర్తిగా చదివాను. అంతకు ముందు నాలుగేళ్లుగా వాటిని అమలు చేస్తూనే ఉన్నాను, కానీ చదవలేదు.

మా సంస్థ బస్తీలలో ప్రజారోగ్యం మీద పరిశోధన చేస్తుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం అక్కడి ఒక విశ్వవిద్యాలయానికి గ్రాంటు ఇస్తే, ఆ విశ్వవిద్యాలయం అందులో కొంత పనిని సబ్ అవార్డు రూపంలో మాకు అప్పగించేది. డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి మారినా, దానితో పాటు నిబంధనలు కూడా కిందికి దిగుతాయి. వాటిలో ఒకటి, ఫెడరల్ సహాయ కార్యక్రమాల నుంచి సస్పెండ్ అయినవారితోనూ డిబార్ అయినవారితోనూ ఆ డబ్బుతో లావాదేవీ పెట్టుకోరాదన్నది. హైదరాబాదులో ఇటువంటి గ్రాంట్లతో పనిచేసే ప్రయోగశాలల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ఆసుపత్రుల్లో లెక్కలు చూసే వాళ్లందరికీ ఈ నియమం తెలుసు. కొత్త వెండరు వచ్చినప్పుడు ఆ నిషేధిత జాబితా ఉండే శామ్ డాట్ గవ్ అనే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు కొట్టి, వచ్చిన పేజీని ప్రింటు తీసి ఫైలులో పెట్టడమే చాలా కార్యాలయాల్లో దీనికి అర్థం. మా కార్యాలయంలోనూ అంతే ఉండేది.

ఈ నిబంధనకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. సరుకులు కొనే కాంట్రాక్టుల విషయంలో మోసగాళ్లను దూరం పెట్టే పద్ధతి అమెరికా ప్రభుత్వానికి అంతకు ముందు నుంచే ఉన్నది కానీ, గ్రాంట్లు, రుణాలు, సబ్సిడీల వంటి సహాయ కార్యక్రమాలకు ఉమ్మడి ఏర్పాటు ఉండేది కాదు. ఒక శాఖలో గ్రాంటు డబ్బు దుర్వినియోగం చేసి బయటికి వెళ్లినవాడు పక్క శాఖలో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అధ్యక్షుడు రీగన్ 1986 ఫిబ్రవరి 18న జారీ చేసిన 12549వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఈ కన్నాన్ని పూడ్చింది. ఒక శాఖ వెలి పెట్టినవారిని ప్రభుత్వంలోని మిగతా శాఖలు కూడా వెలి పెట్టవలసిందేనని అది శాసించింది. 1989 ఆగస్టులో సీనియర్ బుష్ ఇచ్చిన 12689వ ఉత్తర్వు, 1994లో వచ్చిన కొనుగోళ్ల సంస్కరణ చట్టం కలిసి, కాంట్రాక్టుల వైపు నిషేధాన్నీ గ్రాంట్ల వైపు నిషేధాన్నీ ఒకదానికొకటి ముడివేశాయి. 1995 ఆగస్టు 25 తర్వాత ఏ వైపు నుంచి వెలి పడినా రెండు తలుపులూ మూసుకుపోతాయి. ఈ రోజు ఆ నియమాలు ఫెడరల్ నిబంధనావళి రెండవ శీర్షికలో 180వ భాగంగా ఉన్నాయి.

ఆ భాగంలో నన్ను ఆపి కూర్చోబెట్టిన వాక్యం ఒకటుంది. వెలి పెట్టడం చాలా తీవ్రమైన చర్య అనీ, ప్రజా ప్రయోజనాన్ని కాపాడటానికి మాత్రమే దానిని వాడాలనీ, ఎవరినైనా శిక్షించడం కోసం వాడకూడదనీ అది చెబుతుంది. శిక్ష వేయడం న్యాయస్థానం పని. గ్రాంటు ఇచ్చే శాఖ చూడవలసిందల్లా, ఈ మనిషి లేదా ఈ సంస్థ ప్రజల డబ్బు అప్పగించడానికి ఈ రోజున నమ్మదగినదా కాదా అన్న ఒక్క విషయమే. ఆ ప్రశ్నలోని 'ఈ రోజున' అన్న మాటలోనే మొత్తం శాస్త్రం ఉందని నా అభిప్రాయం. నిన్న తప్పు చేసినవాడు ఈ రోజు సరిదిద్దుకొని ఉండవచ్చు. పాత యాజమాన్యం వెళ్లిపోయి కొత్తది వచ్చి ఉండవచ్చు. తీసుకున్న డబ్బు తిరిగి కట్టి ఉండవచ్చు. అందుకే ఒక తప్పు రుజువైనా డిబార్ చేసి తీరాలని నిబంధన ఎక్కడా అనదు. చేయవచ్చు అని మాత్రమే అంటుంది.

రెండు పదాలనూ మనం ఒకే గాటన కట్టేస్తాం కానీ, సస్పెన్షన్ వేరు, డిబార్‌మెంట్ వేరు. సస్పెన్షన్ అంటే దర్యాప్తు సాగుతుండగా తాత్కాలికంగా పక్కన పెట్టడం. నేరాభియోగం నమోదైనప్పుడు గానీ, తప్పు జరిగిందని అనుమానించడానికి తగినంత ఆధారం ఉన్నప్పుడు గానీ, వెంటనే ఆపకపోతే ప్రజా ప్రయోజనానికి దెబ్బ తగులుతుందని అధికారికి అనిపించినప్పుడు గానీ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా దానిని విధిస్తారు అనుకుంటే పొరపాటు. చివరి షరతు విడిగా పనిచేయదు, మొదటి రెండింటిలో ఏదో ఒకదానితో కలిసే ఉండాలి. సస్పెన్షన్ వెంటనే అమలులోకి వస్తుంది, వాదన తరువాత వింటారు. అందుకే దానికి గడువు కూడా బిగించి పెట్టారు. కోర్టు కేసు గానీ డిబార్‌మెంట్ ప్రక్రియ గానీ మొదలు కాకపోతే పన్నెండు నెలలకు మించకూడదు. న్యాయశాఖ కోరితే మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. పద్దెనిమిది నెలలు దాటినా ఏ ప్రక్రియా మొదలు కాకపోతే సస్పెన్షన్ ఇక నిలవదు.

డిబార్‌మెంట్‌లో వరుస తిరగబడుతుంది. ముందు ప్రతిపాదన నోటీసు వస్తుంది. అందులో కారణాలు రాయాలి. అందుకున్న వ్యక్తికి జవాబు ఇవ్వడానికి ముప్పై రోజులు ఉంటాయి. తానే వచ్చి చెప్పుకోవచ్చు, రాతపూర్వకంగా పంపవచ్చు, న్యాయవాదిని పెట్టుకోవచ్చు. అప్పటికే కోర్టులో శిక్ష పడి ఉంటే వేరే సంగతి గానీ, లేకపోతే అసలు వాస్తవాల మీదే నిజమైన వివాదం ఉందని తేలినప్పుడు సాక్షులను విచారించే అవకాశం కూడా ఇవ్వాలి. ఉన్న ఆధారాలన్నీ తూకం వేస్తే తప్పు జరిగిందనే వైపు త్రాసు మొగ్గాలి, ఆ రుజువు భారం ప్రభుత్వానిది. విచారణ రికార్డు ముగిశాక నలభై ఐదు రోజుల్లో నిర్ణయం చెప్పాలి, ఆ నిర్ణయానికి కారణాలు రాయాలి. నిషేధ కాలం సాధారణంగా మూడేళ్లు దాటకూడదు. పనిచోట మాదకద్రవ్యాల నిషేధానికి సంబంధించిన ఉల్లంఘనలకు మాత్రం ఐదేళ్ల దాకా వెళ్లవచ్చు. ముందే సస్పెన్షన్‌లో గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నిషేధం మధ్యలో కూడా కొత్త సాక్ష్యం దొరికితే, శిక్షను పై కోర్టు కొట్టేస్తే, యాజమాన్యం నిజంగా మారితే, తగ్గించమని అడగవచ్చు.

కాల పరిమితిని నిర్ణయించేటప్పుడు అధికారి చూడవలసిన అంశాల జాబితా చదువుతుంటే, ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలో మంచి తీర్పరి అడిగే ప్రశ్నలే గుర్తుకొచ్చాయి. నష్టం ఎంత జరిగింది? ఒక్కసారి జరిగిందా, అలవాటుగా జరిగిందా? దానికి పథకం వేసింది ఎవరు? తప్పు బయటపడగానే వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారా, పట్టుకున్నాక ఒప్పుకున్నారా? డబ్బు తిరిగి కట్టారా? దర్యాప్తుకు సహకరించారా? బాధ్యులైన ఉద్యోగుల మీద చర్య తీసుకున్నారా? తప్పు జరగకముందు ఆ సంస్థలో నియమాలూ తనిఖీలూ ఉండేవా? ఒక ఉద్యోగి చేసిన తప్పును సంస్థకు అంటగట్టాలన్నా, సంస్థ తప్పును ఒక ఉద్యోగికి అంటగట్టాలన్నా దానికీ షరతులున్నాయి. ఉద్యోగి తన విధి నిర్వహణలో భాగంగా చేసి ఉండాలి, లేదా సంస్థకు తెలిసి, ఆమోదించి ఉండాలి. సంస్థ తప్పుకు ఒక వ్యక్తిని బాధ్యుణ్ణి చేయాలంటే, అతను అందులో పాల్గొని ఉండాలి, లేదా తెలిసి ఉండాలి, లేదా తెలుసుకోవడానికి కారణం ఉండి ఉండాలి. కేవలం అక్కడ కుర్చీలో కూర్చున్నందుకు ఎవరూ దోషి కారు.

మళ్లీ చిక్కడపల్లి సంగతికి వస్తాను. ఆ పెద్దాయన సోమవారం ఉదయం కార్యాలయానికి వచ్చారు. చేతిలో మేము పంపిన ఉత్తరం ఉంది, నాలుగు మడతలుగా మడిచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. "గా లిస్టుల నా పేరెట్ల వచ్చిందమ్మా? నేను ముంబై దాటి పోలే. ఏం తప్పు జేసిన్నో ఒక్క ముక్క జెప్పుండ్రి, సాలు" అన్నారు. నా దగ్గర ఆ ఒక్క ముక్క లేదు. ఏ శాఖ నిషేధించింది, ఎప్పటి నుంచి, ఏ కారణానికి అని ఆయన అడిగిన మూడు ప్రశ్నలూ ఆ వెబ్‌సైటు పేజీలోనే ఉన్నాయి. నేను పేరు దగ్గరే ఆగిపోయి, కింద ఉన్నది చదవలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన ముందే ఆ పేజీని మళ్లీ తెరిచాను.

ఆ రికార్డులో ఉన్న వ్యక్తిది అమెరికాలోని ఒక నగరం. నిషేధించింది అమెరికా ఫెడరల్ ఆరోగ్య శాఖ. అది 180వ భాగం కింద విధించిన డిబార్‌మెంట్ కూడా కాదు, వృద్ధులకూ పేదలకూ ఉన్న ప్రభుత్వ వైద్య బీమా పథకాల్లో పనిచేయకుండా వైద్య సిబ్బందిని దూరం పెట్టే మరో చట్టం కింద వచ్చింది. ఆ కేంద్ర జాబితాలోకి ఇటువంటి రికార్డులు కూడా వచ్చి చేరతాయి, విదేశీ ఆంక్షల జాబితాలోని పేర్లు కూడా చేరతాయి. అంటే ఒకే తెరమీద కనిపించే పేర్ల వెనుక వేర్వేరు చట్టాలు, వేర్వేరు కారణాలు, వేర్వేరు గడువులు ఉంటాయి. వాటిలో కొన్నింటి గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది. 'అమలులో ఉన్నది', 'అమలులో లేనిది' అన్న గుర్తును చూడకుండా పేరు చూసి భయపడితే, నిషేధం పూర్తి చేసుకుని బయటికి వచ్చిన వ్యక్తిని మనం రెండోసారి నిషేధించినట్టవుతుంది.

మన పేర్లు ఈ పనిని మరింత కష్టం చేస్తాయి, ఈ సంగతి అక్కడి వాళ్లకు అంత సులభంగా అర్థం కాదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు అది చివరకు వెళ్తుంది, లేదా రెండు పేర్లూ తారుమారవుతాయి, లేదా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలి, అసలు పేరే ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. లక్ష్మి అన్న ఒక్క పేరును ఇంగ్లీషులో 'కె' 'ఎస్' 'హెచ్' కలిపి రాసేవారున్నారు, 'ఎక్స్'తో రాసేవారున్నారు. సత్యనారాయణను ఒకే పదంగా రాసేవారున్నారు, రెండుగా విడగొట్టేవారున్నారు. ఇక రావు, రెడ్డి, కుమార్, ప్రసాద్ వంటి మాటలను చివరి గడిలో పెట్టి వెతికితే, సముద్రం అవతల స్థిరపడ్డ మన వాళ్లలో ఎవరో ఒకరి పేరు ఏదో ఒక రూపంలో తగలకుండా ఉండదు. అది పేరు తగలడమే గానీ మనిషి దొరకడం కాదు. అమెరికా పౌరులకైతే వాళ్ల సామాజిక భద్రతా సంఖ్యతో సరిచూసుకునే వీలు ఆ వెబ్‌సైటులో ఉంది. చిక్కడపల్లి ప్రెస్ యజమానికి ఆ సంఖ్య ఉండదు కదా. కాబట్టి చిరునామా, వృత్తి, దేశం, తేదీలు చూసుకోవాలి, అప్పటికీ సందేహం తీరకపోతే ఆ రికార్డు పెట్టిన శాఖనే రాసి అడగాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది ఇది కాదు. ఆయన విషయంలో ఆ నియమం మాకు వర్తించనే వర్తించదు. గ్రాంటు తీసుకున్నవారు తమ అవసరాలకు సరుకులో సేవలో కొనుక్కునే కాంట్రాక్టులు 25,000 డాలర్లకు (ఇప్పటి మారకం రేటులో ఇరవై లక్షల రూపాయల పైమాటే) చేరితేనే ఈ నిషేధం పరిధిలోకి వస్తాయి. ఫెడరల్ అధికారి సమ్మతి అవసరమైన కాంట్రాక్టులు, ఫెడరల్ నిబంధన ప్రకారం చేయించవలసిన ఆడిట్ సేవలు మాత్రం మొత్తంతో సంబంధం లేకుండా వస్తాయి. సబ్ అవార్డులకూ కనీస మొత్తం అంటూ ఏమీ లేదు, పది వేల రూపాయలదైనా పరిశీలించాల్సిందే. అచ్చుపని బిల్లు లక్షా ఎనభై వేలు. ఎప్పుడో ఎవరో మా కార్యాలయ నియమావళిలో 'వెండర్లందరినీ పరిశీలించవలెను' అని ఒక పంక్తి రాసి పెట్టారు, జాగ్రత్త పడితే పోయేదేముంది అనుకొని ఉంటారు. పోయేది ఆ వెండరుకు పోతుంది.

పరిధిలోకి వచ్చిన లావాదేవీలో సైతం నిబంధన మూడు మార్గాలు ఇస్తుంది. జాబితాలో చూడవచ్చు, లేదా ఎదుటి వ్యక్తి నుంచి తాను నిషేధంలో లేనని ధ్రువీకరణ తీసుకోవచ్చు, లేదా ఒప్పందంలోనే ఆ షరతు చేర్చవచ్చు. పైగా, ఒప్పందం కుదిరిన తర్వాత ఎదుటివారు నిషేధంలోకి వెళ్లినా, ఉన్న పనిని కొనసాగించుకునే వీలు ఉంది. కొత్తగా పొడిగించడం, డబ్బు పెంచడం మాత్రమే కుదరదు. అంటే, ఆ పెద్దాయన నిజంగానే నిషేధంలో ఉండి ఉన్నా, చేసి అప్పగించిన పనికి డబ్బు ఆపమని ఆ నిబంధన నాకు చెప్పలేదు. ఇది చదివినప్పుడు నేను కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

అయితే తెలిసి తెలిసి నిషేధంలో ఉన్నవారితో పని పెట్టుకుంటే ఏమవుతుందో కూడా అదే భాగంలో ఉంది. ఆ ఖర్చును ఒప్పుకోకుండా తిరిగి కట్టమంటారు, అవార్డు రద్దు చేయవచ్చు, చివరకు మనల్నే డిబార్ చేయవచ్చు. ఆ భయమే మా వంటి చిన్న సంస్థలను అవసరానికి మించి కఠినంగా మారుస్తుంది. ఆ భయం అసమంజసమని నేను అనను. కానీ కట్టుబాటు తీసుకున్న మనమే దానిలోని రెండో సగాన్ని, అంటే నోటీసు ఇవ్వడం, వినడం, కారణం చెప్పడం, గడువు పెట్టడం అన్నవాటిని వదిలేసి, మొదటి సగాన్ని మాత్రమే అమలు చేస్తున్నాం.

ఈ రెండో సగం మన దేశానికి కొత్తదేమీ కాదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సింకోనా ఉత్పత్తుల వ్యవహారంలో ఒక సంస్థను నల్ల జాబితాలో పెడితే, ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో మన సుప్రీంకోర్టు 1974లోనే తేల్చి చెప్పింది: ప్రభుత్వంతో వ్యాపారం చేయడం ఎవరి హక్కూ కాకపోవచ్చు గానీ, ఆ అవకాశంలో సమానత్వం పొందడం మాత్రం హక్కే, కాబట్టి జాబితాలో పెట్టే ముందు ఆ వ్యక్తి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో, షోకాజ్ నోటీసు ఇచ్చినా అందులో బ్లాక్‌లిస్ట్ చేయబోతున్నామన్న విషయం స్పష్టంగా లేకపోతే చెల్లదని చెప్పింది. బ్లాక్‌లిస్టింగును పౌర మరణంతో, అంటే బతికుండగానే సమాజంలో లేనివాడైపోవడంతో పోల్చిన మాటను కూడా ఆ తీర్పు గుర్తు చేసింది. 2020లో ఫుడ్ కార్పొరేషన్‌కు సంబంధించిన యూఎంసీ టెక్నాలజీస్ కేసులో మళ్లీ అదే సూత్రాన్ని నిలబెట్టింది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది 2013 నాటి కుల్జా ఇండస్ట్రీస్ తీర్పు. బీఎస్ఎన్ఎల్ ఒక సరఫరాదారును శాశ్వతంగా బ్లాక్‌లిస్ట్ చేసింది. జస్టిస్ టి.ఎస్. ఠాకూర్ రాసిన ఆ తీర్పు, బ్లాక్‌లిస్ట్ చేసే అధికారాన్ని ఒప్పుకుంటూనే, డిబార్‌మెంట్ ఎన్నటికీ శాశ్వతం కాదనీ, కాలపరిమితి తప్పు తీవ్రతకు తగినట్టు ఉండాలనీ చెప్పి, ఎంతకాలం అన్నది మళ్లీ నిర్ణయించమని వెనక్కి పంపింది. ఆ సందర్భంలో న్యాయస్థానం చూసింది అమెరికా ఫెడరల్ మార్గదర్శకాలనే. నష్టమెంత, ఎన్నిసార్లు, పాత చరిత్ర ఏమిటి, బాధ్యత ఒప్పుకున్నారా, నష్టపరిహారం కట్టారా అన్న ఆ పట్టికనే మన తీర్పులోకి తీసుకొచ్చింది. తార్నాకలో నేను ఏ నిబంధన పేరు చెప్పి ఒక మనిషి డబ్బు ఆపానో, ఆ నిబంధనల కుదురు నుంచే మన సుప్రీంకోర్టు మనిషికి రక్షణ వెతికి తెచ్చింది.

2017 నాటి మన కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలోని 151వ నియమం కూడా ఇదే దారిలో ఉంది. అవినీతి నిరోధక చట్టం వంటి వాటి కింద శిక్ష పడినవారికి మూడేళ్లకు మించకుండా, నిజాయితీ నియమాలను ఉల్లంఘించినవారికి కొనుగోలు చేసే శాఖ స్థాయిలో రెండేళ్లకు మించకుండా నిషేధం, దానికి ముందు తప్పనిసరిగా చెప్పుకునే అవకాశం. 2021 నవంబరులో కేంద్ర వ్యయ విభాగం దీని మీద వివరమైన మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. విదేశీ విరాళాల చట్టం కింద మా వంటి సంస్థల రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే అధికారం దీనికి వేరైనది. అక్కడ 180 రోజుల గడువు ఉండేది, 2020 సవరణ మరో 180 రోజులు పొడిగించే వీలు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ రద్దయితే మూడేళ్లు మళ్లీ పొందలేము. ఆ దెబ్బ ఎలా ఉంటుందో తెలిసిన సంస్థలు హైదరాబాదులో చాలానే ఉన్నాయి. తమ మీదికి నోటీసు వచ్చినప్పుడు గడువు కావాలనీ, కారణం చెప్పాలనీ, వినాలనీ కోరే మనం, మన కింద ఉన్న ప్రెస్‌వాడికీ, కారు డ్రైవరుకూ, అనువాదకురాలికీ అదే ఇవ్వాలి కదా.

ఆ తర్వాత మేము చేసిన మార్పులు పెద్దవి కావు. నియమావళిలోని ఆ పంక్తిని తీసేసి, నిబంధన ఎంతవరకు చెబుతుందో అంతవరకే రాశాం. పేరు తగిలినప్పుడు నింపవలసిన ఒక కాగితం తయారు చేశాం. నిషేధించిన శాఖ ఏది, ఏ రకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, చిరునామా ఏది, మన వ్యక్తితో కలిసేవి ఏవి, కలవనివి ఏవి అన్న గడులు అందులో ఉంటాయి. అవన్నీ నింపకుండా చెల్లింపు ఆపే అధికారం ఎవరికీ లేదు, నాకు కూడా లేదు. ఆ వ్యక్తిని అడగకుండా బయటికి ఏ ఉత్తరమూ వెళ్లకూడదు. ఉత్తరంలో 'బ్లాక్‌లిస్ట్' అన్న మాట వాడకూడదు. గత ఏడేళ్లలో ఆ కాగితం చాలాసార్లు నింపాం. ప్రతిసారీ అది పేరు మాత్రమే కలిసిన సంగతే అయింది.

ఆ పెద్దాయనకు డబ్బు ఇరవై నాలుగో రోజున ఇచ్చాం, నేనే చెక్కు పట్టుకుని చిక్కడపల్లి వెళ్లాను. ప్రెస్సులో ఆ సమయానికి పెళ్లి పత్రికలు మడత పెడుతున్నారు. అక్కడ తెలిసిందేమిటంటే, మా ఉత్తరం సంగతి ఎలాగో మరో సంస్థకు చేరింది. ఏటా ఆయనకు వార్షిక నివేదిక పని ఇచ్చే ఆ సంస్థ వాళ్లు ఫోను చేసి, "మీ పేరేదో లిస్టులో ఉందట కదా" అని అడిగారు. ఆయన ఏం చెప్పాలో తెలియక, "మేడమ్ వాళ్లే జెప్తరు" అన్నారట. నేను తిరిగి వచ్చి, ఆయన పేరు ఏ జాబితాలోనూ లేదనీ, పొరపాటు మాదనీ రాసి, సంస్థ డైరెక్టరు సంతకంతో వాళ్లకు ఉత్తరం పంపించాను. ఒక నకలు ఆయనకు ఇచ్చాను. దాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి అదే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. ఆ సంస్థ నుంచి జవాబు రాలేదు. ఆ ఏడాది వార్షిక నివేదిక పని కూడా ఆయనకు రాలేదు.